కంపార్ట్‌మెంట్లో రాయవేలూరు సామి

గుండు కొట్టించుకుంటే మనిషిని ఎవరూ గుర్తుపట్టరని నమ్మేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ముందు నా కథ వినండి. ఇప్పుడు వెంట్రుకలు వచ్చేసినాయిలే, చూసినా ఏమీ కనపడదు. కానీ పోయినేడు కొండమీద ఇదే తల నా పరువు ఎట్ల తీసిందో చెప్తాను. టీ చల్లారిపోతాంది, తాగతా వినండి.

నా పని మీకు తెలిసిందే, బోర్డులు రాస్తాను. రాసేవాణ్ణి అనాల. తిరుపతిలోకి ఫ్లెక్సీలు దిగినాక నా కుంచెలు కిరసనాయిల్లో నానతానే ఉండాయి. ఆ కొత్తల్లో మూడు నెలల ఇంటి బాడుగ నిలబడిపోతే మునిరత్నం దగ్గర ఐదువేలు తీసుకున్నాను. మునిరత్నానికి తిరుచానూరులో గాజులంగడి. నా చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం ఒకే పలక మీద ఉమ్మేసి తుడుచుకున్నోళ్ళం. డబ్బు చేతిలో పెట్టి ఒకటే మాటన్నాడు.

"ఎప్పుడిస్తావని నేనడగనప్పా. నీకు వీలైనప్పుడు ఇయ్యి."

అదే వాడు చేసిన తప్పు! గడువు పెట్టింటే, గడువు తప్పి, నాలుగు తిట్లు తిని, మళ్ళీ గడువు అడిగి మర్యాదగా బతికేవాణ్ణి. అడగని బాకీకి ఏమని జవాబు చెప్పేది? మొదట్లో కనబడినప్పుడల్లా "వచ్చే నెలప్పా" అని నేనే అనేవాణ్ణి. "నేనడిగినానా?" అనేవాడు. పోనుపోను ఆ మాట అనేదానికే సిగ్గేసి, కనబడటమే మానేసినాను. తిరుచానూరు దోవ మర్చిపోయినాను.

ఇంతలో వాళ్ళమ్మ మంగమ్మ పోయింది.

కబురు తెలిసి చొక్కా వేసుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. వీధి చివరిదాకా పోయి నిలబడినాను. చావింట్లో బాకీ అడుగుతాడా? అడగడు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఒట్టి చేతులతో ఏం మొహం పెట్టుకొని పోయేది అనుకొని తిరిగొచ్చేసినాను. మా యింటామె చూసి, "యాడికి పోయొచ్చినావ్?" అనింది. "అగ్గిపెట్టెకు" అన్నాను. అగ్గిపెట్టె కూడా తేలేదు.

ఆ మరుసటేడు మావాడికి టైఫాయిడ్. తగ్గితే గుండు ఇస్తానని మా యింటామె స్వామికి మొక్కుకునింది. తన తల కాదు, నాది. నన్నడగనే లేదు! జ్వరం దిగినాక, "బిడ్డ ఇంకా నీరసంగా ఉండాడు, నువ్వొక్కడివే పోయిరా" అని సంచీ చేతికిచ్చింది. నేను సంతోషంగానే బయల్దేరినాను. నా లెక్క నాకుండాది. తల్లి పోయిన కొడుకు ఏడాది దాకా కొండెక్కడు. అంటే మునిరత్నం ఎదురుపడని చోటు ఈ చుట్టుపక్కల ఏదన్నా ఉందంటే అది ఏడుకొండలవాడి సన్నిధే!

కల్యాణకట్టలో గుండు, తలంతా గంధం, ధర్మదర్శనం క్యూ. కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి గేటుకు తాళమేసినారు. "ఎంతసేపు పడుతుందబ్బా?" అని పక్కాయన్ని అడిగితే, "ఏడు గంటలన్నా పడుతుంది" అన్నాడు. హాయిగా కాళ్ళు చాపుకొని చుట్టూ చూసినాను.

నాలుగో వరసలో మునిరత్నం.

లెక్క యాడ తప్పిందో అప్పుడు తట్టింది. ఏడాది అయిపోయింది. చావుకు పోనోడికి, సంవత్సరీకానికి పోనోడికి నెలలెట్ల గుర్తుంటాయి?

గేటు చూసినాను. తాళం. చటుక్కున గోడకు తిరిగి కూర్చున్నాను. హాల్లో సగం మంది గుండ్లే, అందులో నాదొకటి, ఎవరు కనిపెడతారులే అని గోవిందనామం అందుకున్నాను. కాసేపటికి నా పక్కన ఎవరో చతికిలబడినారు.

"ఎన్న సామీ, ఎంద ఊరు?"

ఏ ఊరని తమిళంలో అడుగుతాండాడు. వాడి గొంతే! మన చిత్తూరు జిల్లాలో తమిళం రానోడెవడు? స్వామే దారి చూపించినాడనుకొని, గొంతు మార్చి, గోడకే జవాబు చెప్పినాను. "రాయవేలూరు సామీ. బెల్లం వ్యాపారం."

ఇంక మాటలన్నీ తమిళంలోనే. మీకోసం తెలుగులో చెప్తాను.

"నాకొక స్నేహితుడుండాడు సామీ," అన్నాడు. "బోర్డులు రాస్తాడు. వాడి అక్షరం చూస్తే, అంగట్లో సరుకు లేకపోయినా జనం లోపలికొస్తారు. ఒకసారి వాడికి ఐదువేలిచ్చినాను."

"తిరిగియ్యలేదా?" అన్నాను. ఆ మాట అడగకపోతే బెల్లం వ్యాపారి మీద అనుమానమొస్తుందని!

"డబ్బు సంగతి వదిలేయ్ సామీ. మనిషే తిరిగి రాలేదు. మా అమ్మ పోయినప్పుడు పాడె కట్టి గంటసేపు నిలిపినాను. ఎండెక్కుతాందిరా అని పెద్దోళ్ళు తిడతానే ఉండారు. నాలుగో పక్క మోసేవాడు ఇంకా రాలేదు, ఉండండి అన్నాను."

రాయవేలూరు వ్యాపారి ఏడిస్తే బాగుండదు. "గోవిందా" అన్నాను. అదీ సరిగ్గా రాలేదు.

"నేను ఆ ఐదువేలు ఇయ్యకుండా ఉండింటే వాడు వచ్చేవాడు కదా సామీ. తప్పు నాదేనంటావా?"

గోడకున్న సున్నం గోటితో గీకినాను.

సాంబారన్నం వచ్చింది. నాకొక దొన్నె తెచ్చి పక్కన పెట్టినాడు. మొహం గోడకే పెట్టుకొని తిన్నాను. నేను బాకీ పడినోడి చేతి అన్నం, గొంతు దిగను దిగనంటా దిగింది. అప్పుడు తల వెనక వాడి వేలు తగిలింది.

"ఈడ గంధం పట్టలేదు సామీ," అని బొటనవేలితో మెల్లగా రుద్దినాడు.

ఆడ ఒక మచ్చ ఉండాది. పదేళ్ళప్పుడు మామిడికాయకని వాడు విసిరిన రాయి నా నెత్తిన పడింది. మంగమ్మే గాయానికి కాఫీపొడి అద్ది, తన చీరకొంగు చించి కట్టు కట్టింది. ఆ మచ్చ మా యింటామెకు కూడా తెలియదు. ఇన్నేళ్ళూ దాన్ని దాచింది జుట్టు. నన్ను దాస్తుందని నేను మురిసిపోయిన గుండు, దాన్ని తెరిచి పెట్టింది. నాలుగో వరస నుంచే వాడికి కనపడింటుంది.

నేను తిరిగి చూసేలోపల గేటు తీసినారు. "గోవిందా" అంటా జనం ఒక్కసారిగా లేచినారు. తోపులాటలో వాడు ముందుకు పోయినాడు. అంతసేపు కూర్చుంటే స్వామి ముందర దొరికింది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలూ కళ్ళనిండా నీళ్ళే, ఏమీ కనపడలేదు.

ఆ నెల నుంచి తిరుచానూరు పోవడం మొదలుపెట్టినాను. నెలకు ఐదొందలు. వాడు నోటు గల్లాపెట్టెలో వేసుకొని, "నండ్రి సామీ. వేలూర్ల మళైయా?" అనేవాడు. సంతోషం, మీ ఊర్లో వానలా అని! "ఇల్లై సామీ," లేవని చెప్పి నేను తలొంచుకొని వచ్చేసేవాణ్ణి. గాజులు కొనే ఆడోళ్ళు మా ఇద్దరినీ వింతగా చూసేవాళ్ళు. పది నెలలు తెలుగులో ఒక్క మాట లేదు. బాకీ తీరేదాకా నేను పరాయి ఊరోణ్ణే. న్యాయమే కదా.

పోయిన వారం ఆఖరి ఐదొందలు ఇచ్చినాను. వాడు లోపలికి పోయి మంగమ్మ ఫోటో తెచ్చి నా ముందర పెట్టినాడు.

"రేయ్, కింద అమ్మ పేరు రాయాల. ఫ్లెక్సీ గిక్సీ వద్దు. నీ చేత్తోనే."

తెలుగు! నా నోట్లోంచి వచ్చింది మాత్రం అలవాటు కొద్దీ, "సరి సామీ."

వాడు నవ్వలేదు. "కూలెంత?" అన్నాడు.

"తొందరేముందప్పా, నీకు వీలైనప్పుడు ఇయ్యి."

గల్లాపెట్టె తెరిచి, నేనిచ్చిన ఐదొందల నోటే తీసి నా జేబులో కుక్కినాడు.

"వద్దు నాయనా, ఇప్పుడే తీసుకో. బాకీ పడి దాక్కుందామంటే నాకు గుండు నప్పదు."