తలుపు పక్క కుర్చీ

డెట్రాయిట్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో ఆ మధ్యాహ్నం నేనూ, ఓ తెల్లజుట్టు పెద్దాయనా ఇద్దరమే ఉన్నాం. హీటర్ దగ్గర కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా, ఆయన మంచుగాలి కొట్టే తలుపు దగ్గరే కూర్చున్నాడు. మనిషి మాటకు మొహం వాచి ఉన్న నేను వెళ్లి, తలుపు పక్క కుర్చీలో కూర్చోబోయాను. ఆయన దానిమీద చెయ్యి పెట్టాడు.

“సారీ, ఇది మా నాన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో షెర్మన్ ట్యాంక్‌లో గుండ్లు నింపేవాడు. మొదట్లో చేసిన ట్యాంకుల్లో ఆయన వైపు తలుపు లేదు. నిప్పంటుకుంటే ఫిరంగి కిందుగా పాకి, కమాండర్ తలుపులోంచే బయటపడాలి. తిరిగొచ్చాక ఎక్కడికెళ్లినా తలుపు పక్కనే కూర్చునేవాడు. నేను ఆయన పక్కన.”

“ఇప్పుడు వస్తున్నారా?”

“పోయి చాలా ఏళ్లయింది,” అన్నాడు, చెయ్యి తీయకుండా.

రైలు వచ్చేదాకా ఆయనకు అటు పక్కన కూర్చున్నాను.

ఇప్పటికీ ఒక్కణ్ణే తిరుగుతుంటాను. తలుపు పక్క కుర్చీ ఖాళీగా కనిపిస్తే, దాని పక్కదాంట్లో కూర్చుంటాను.