పట్టకారు తెచ్చిన ముద్ద

ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. ఇప్పటికీ చేపల బుట్ట ఎదురొస్తే నాకు డోకొస్తుంది.

విజయనగరంలో మాది అద్దె గది. నేనూ, సింహాద్రీ. ఇద్దరం ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. వాడిది నౌపడ వైపు, సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన లేచి నడవాలని వీడు అయ్యప్ప మాల వేశాడు. నీసు ముట్టకూడదు, నేల మీద చాపేసుకునే పడుకోవాలి. చేపల కోసం ప్రాణం పీకేస్తున్నా నోరు కట్టుకున్నాడు, పాపం.

మా ప్రాజెక్టు ఒక చిన్న రోబో బండి. ముందు పట్టకారు. ఆన్‌లైన్‌లో కొన్న పట్టీ నుదుటికి కట్టుకుంటే, అది మెదడు సంకేతాలను పసిగట్టి బండిని నడుపుతుంది. మనసు నిలిపితే ముందుకు. గట్టిగా కళ్లు మూస్తే పట్టకారు బిగుసుకుంటుంది. నేను కడితే అంగుళం కదలదు. వాడు కడితే పరుగే!

ఆ సాయంత్రం బండి ఎన్నిసార్లు తిప్పినా గుమ్మం వైపే పోతోంది. బయట వరండాలో ఇంటివాళ్ల బకెట్టుంది. అందులో నిన్నటి చేపల తలలూ, పేగులూ.

"స్వామీ, మనసు బకెట్టు మీదున్నాదేటి?" అన్నాను. మాల వేసినవాణ్ణి ఒరే అనకూడదు కదా.

"సీ! అవేం మాటలు స్వామీ!" వాడి మొహం మాడిపోయింది. పట్టీ తీసి ఛార్జింగ్‌కి పెట్టేశాడు. ఛార్జింగ్‌లో ఉంటే అది పనిచెయ్యదు. గాలి కోసం తలుపు తీసుకుని పడుకున్నాం.

గర్ర్... గర్ర్... చప్పుడుకి మెలకువొచ్చింది. ఆగింది. మళ్లీ గర్ర్... ఆ వెనకే వాసన. కుళ్లిన నీసు కంపు, గొంతులోకి దిగిపోయేలా. బెడ్‌లైటు వెలుగులో చూశాను. బండి గుమ్మం దాటి లోపలికొస్తోంది. పట్టకారులో చేప తల. దవడ దగ్గర తెల్లగా ఏవో... కదులుతున్నాయి. పురుగులు. ఒకటి నేల మీద రాలింది. థూ! పట్టీ కోసం చూశాను. ప్లగ్గు దగ్గరే ఉంది, ఎర్ర లైటుతో.

బండి మెల్లగా... మెల్లగా... వాడి చాప ఎక్కింది. మొహం దగ్గర ఆగింది. జిగురు వాడి గడ్డం మీద చుక్క... చుక్కగా... పడుతోంది. వాడికి ఒళ్లు తెలియని నిద్ర. అప్పుడు... వాడి నోరు తెరుచుకుంది. పసివాడు ముద్దకి తెరిచినట్టు.

బండిని ఎగిరి తన్నాను. వాడు ఉలిక్కిపడి లేచి, పెదాలు తుడుచుకుని, వేళ్లు వాసన చూసుకున్నాడు. అక్కడే కక్కేశాడు. నేనూ.

స్విచ్చి ఆపడం మరిచిపోయుంటారు, ఎవరి ఫోనో బండికి కలిసుంటుంది అన్నారు తర్వాత మా ప్రాజెక్టు సార్. కావచ్చు. మరి బకెట్టు దారి ఎవరు చూపించారు?

సింహాద్రికి అదేం పట్టలేదు. ఆ రాత్రే చన్నీళ్ల స్నానం చేసొచ్చి, వణుకుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "నిజం సెప్పు స్వామీ. నా నోట్లోకి ఎలిపోనాదేటి? మాల తప్పిపోనాదా? మా అయ్యకేటైనా ఐతే..."

"లేదు స్వామీ. పెదాలకి కూడా తగల్లేదు."

కానీ నేను తన్నేముందు వాడి గొంతు కదిలింది. ఒక్క గుటక. అది ఉమ్మో... మరేమో... నాకు ఇప్పటికీ తెలియదు.