నాలుగో దుప్పటిలో దొరికిన గుండు

1998 జనవరిలో నన్ను కొత్త రోడ్ల సర్వే సబ్‌డివిజన్‌కు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. మాదాపూర్‌లో ఐటీ భవనాలు లేస్తున్న రోజులవి. కొండాపూర్ వెనక బండరాళ్లు, సీతాఫలం పొదల మధ్య ఒక రోడ్డుకు దారి గుర్తించడం నాకు అప్పగించిన పని.

తొలి సర్వేలో దారికి అటూ ఇటూ ఉన్న ప్రతిదాన్నీ ఫీల్డ్‌బుక్కులో ఎక్కించాలి. బావి, గోడ, సమాధి, ఏదీ వదలకూడదు. ఒక చెలకలో, అంటే మెట్ట చేలో, ఎదురెదురుగా రెండు చిన్న గదులు కనిపించాయి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. గుంటూరు జిల్లా పొలాల్లో పెరిగినవాణ్ని, గది కనిపిస్తే మోటారే గుర్తొస్తుంది. 'పంపుహౌసులు, రెండు' అని రాసేశాను. ప్లాను పైకి వెళ్లింది, మంజూరైంది.

మార్చిలో రోడ్డు మధ్యగీత వెంట గుర్తుకోసం కొయ్య పెగ్గులు కొడుతుంటే తుపాకీ మోతలు వినిపించాయి. ఆ శబ్దం ఎక్కడిదని కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్ యాదయ్యను అడిగాను.

"ఆ రెండు అర్రల కాడికెల్లే సార్. తుపాకీ ఆట ఆడుతరు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు అడగలే, నేను చెప్పలే."

స్కీట్ అనే ఆ ఆట తెలియనివారికి రెండు మాటలు. ఆ రెండు గదుల్లోని యంత్రాలు పళ్లెం లాంటి బిళ్లల్ని గాలిలోకి విసురుతాయి. అర్ధచంద్రాకారంలో ఏర్పాటు చేసిన స్థానాల్లో ఒక్కోచోట నిలబడి షూటరు వాటిని పగలగొట్టాలి. తుపాకీ నడుం దగ్గరే ఉంచి 'పుల్' అంటాడు. బిళ్ల వెంటనే రావచ్చు, మూడు సెకన్లు ఆగి రావచ్చు. ఒక్కో తూటాలో ఆవగింజంత సీసపు గుండ్లు వందల్లో ఉంటాయి. అవి రెండు వందల మీటర్ల దాకా పోతాయి. నా పెగ్గులు నూట తొంభై మీటర్ల దూరంలో ఉన్నాయి.

ఆ చెలక బాల్‌రెడ్డిది. సైన్యంలో హవల్దారుగా పదవీ విరమణ చేసి, సొంత భూమిలో ఈ షూటింగ్ రేంజి కట్టుకున్నాడు. పదకొండుమందికి నేర్పేవాడు. వారిలో ఒకమ్మాయి పొద్దున్నే ఇక్కడ కాల్చి, తొమ్మిదింటికి కంప్యూటర్ ఆఫీసుకు వెళ్లేది. నలుగురు నెల తర్వాత రాష్ట్ర ఎంపిక పోటీలకు వెళ్లాలి. గుండ్లు రోడ్డు దాకా వస్తున్నాయని తేలితే రేంజి మూతపడుతుంది. నా పంపుహౌసుల సంగతీ బయటపడుతుంది. ఒక్క గుండూ రోడ్డు మీద పడకూడదనే బాల్‌రెడ్డీ నేనూ కోరుకున్నాం.

గుండ్లు అంతదూరం వస్తున్నాయో లేదో పరీక్ష ఎలా చేయాలో బాల్‌రెడ్డే చెప్పాడు. రోడ్డు గీత మీద నాలుగు తెల్ల దుప్పట్లు పరిచి, రాళ్లు పెట్టాం. పొద్దున గాలి లేదు. ఇప్పుడే మొదలుపెడదామండీ అన్నాను.

"గాలి లేనప్పుడు చూస్తే ఏం ఎరుకైతది సార్? జర ఆగుండ్రి, రోడ్డు దిక్కు గాలి రానీ."

పదకొండు గంటలకు గాలి తిరిగింది. పోటీలకు వెళ్లాల్సిన నలుగురూ తలా ఒక రౌండు, అంటే ఇరవై ఐదేసి తూటాలు కాల్చారు. తర్వాత యాదయ్య, నేను దుప్పట్లు ఒక్కొక్కటీ వంగి చూశాం. ఏమీ లేవు. గుండె తేలికపడింది. ఫీల్డ్‌బుక్కులో 'నిల్' అని రాశాను.

బాల్‌రెడ్డి మాత్రం మోకాళ్ల మీద కూర్చుని నాలుగో దుప్పటి అంచంతా అరచేత్తో తడుముతున్నాడు. కుట్టు మడతలోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టాడు. సీసపు గుండు. పిడికిట్లో దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"ఇది రాసుకోండ్రి సార్."

"ఒక్కటే కదండీ," అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను.

"రేపు బస్సు కిటికీల ఎవరో కూసుంటరు. ఒక్క కన్నుకు ఒక్కటి సాలు గద."

నిల్ కొట్టేసి 'ఒకటి' అని రాశాను. ముగ్గురం సంతకాలు చేశాం. నోటీసు రాకముందే, ఆ మధ్యాహ్నమే ఆయన యంత్రాల తీగలు పీకేశాడు.

మర్నాడు మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి రిపోర్టుతో పాటు నా తప్పూ రాసిచ్చాను. ఆయన చదివి, "ఏమయ్యా, ఈ పంపుల్లోంచి సీసం వస్తోందటగా," అన్నారు. మెమో మాత్రం తప్పలేదు. రోడ్డు మారలేదు. రేంజే అరవై మీటర్లు వెనక్కి జరగాలని తేలింది.

వెనక స్థలం బాల్‌రెడ్డిదే గానీ నిండా బండలు. వాటిని పగలగొట్టించేసరికి పోటీలు వచ్చేశాయి. వెళ్లిన నలుగురిలో ఒక్కరూ ఎంపిక కాలేదు. ఆదివారాలు నేను కోణాలు కొలిచే థియోడలైట్ తీసుకెళ్లి కొత్త స్థానాలు గుర్తించాను. అన్నేళ్ల ఉద్యోగంలో అంత సంతోషంగా గీసిన అర్ధవృత్తం మరొకటి లేదు. మళ్లీ దుప్పట్లు పరిచాం. ఈసారి నేనూ మోకాళ్ల మీద కూర్చున్నాను. మూడుసార్లు తడిమి చూశాకే నిల్ రాశాను. మరుసటి ఏడు ఆ కంప్యూటర్ ఆఫీసు అమ్మాయి రాష్ట్ర జట్టులోకి వెళ్లింది.

కొలత తప్పడానికి పరికరమే చెడిపోనక్కర్లేదని అప్పుడు నేర్చుకున్నాను. ఏం రావాలని కోరుకుంటున్నామో అదే కంటికి కనిపిస్తుంది. రిటైరయ్యేదాకా, నేను కోరుకున్న అంకె వచ్చిన ప్రతిసారీ, ఆ అంకె వల్ల నష్టపోయే మనిషిని పిలిచి ఇంకోసారి చూడమనేవాణ్ని. బాల్‌రెడ్డికి మాత్రం అలా ఇంకొకరిని పిలవాల్సిన అవసరం రాలేదు.