మారికుప్పంలో పిడికెడు చీకటి

వేమగల్‌లో ఏడు గంటల బస్సెక్కినప్పుడు నా సంచిలో రీలు కెమెరా, ఇంకో కొత్త రీలు, నాలుగు రాగిరొట్టెలు ఉన్నాయి. మా ఆయన పోయాక ఇంత దూరం ఒంటరిగా బయల్దేరడం ఇదే మొదలు. కెమెరా మా మేనకోడలు భార్గవిది. నేర్పిందీ తనే, నేను తీసినవి ఫోనులో నలుగురికీ చూపెట్టేదీ తనే, ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నదీ తనే.

పోయిన నెల కోలారు బస్సులో మునస్వామన్న పరిచయమయ్యాడు. మారికుప్పం బంగారు గని మూసేదాకా కింద పనిచేసిన మనిషి. "మా జట్టంతా కలిసి ఒక్క ఫోటో లేదమ్మా" అన్నాడు. నేను తీస్తానని మాటిచ్చేశాను. తలో ఊళ్లో ఉన్న ఐదుగురినీ ఆయన పిలిపించాడు. వాళ్లు మళ్లీ ఎప్పుడు కలుస్తారో ఎవరికీ తెలీదు.

కోలారులో బస్సు మారి బంగారుపేట చేరి, మారికుప్పం రైలెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. రొట్టె తింటుంటే ఎదుటామె కెమెరా చూసి, "ఏదీ, తీసింది చూపీ" అంది. కెమెరా వెనక్కి తిప్పాను.

"ఏమీ లేదే?"

"కడిగితేనే కనిపించేదమ్మా."

"కడిగితే పోదా?"

రైలు పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆఖరి స్టేషనులో మునస్వామన్న ఎదురొచ్చాడు. గనిలోకి దిగే షాఫ్టు, ఇప్పుడు మూతపడింది, దాని మీది ఇనుప గోపురం ముందు ఆరుగురూ నిలబడ్డారు. మంచి ఎండ. నొక్కాను. ఇంకొకటి తీద్దామని మీట లాగితే రాలేదు. బలంగా లాగాను. లోపల టప్పుమంది. రీలును వెనక్కి చుట్టే పిడి ఉత్తినే తిరుగుతోంది. భార్గవికి ఫోను చేశాను.

"రీలు తెగింది అత్తా. రాత్రిదాకా మూత తీయొద్దు. వెలుతురు తగిలితే అన్నీ పోతాయి."

అప్పటికే వాళ్ల ఇంటి ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చేశారు. మూత తీస్తేగానీ కొత్త రీలు ఎక్కదని చెప్పాను.

"గనిలోకి పోయింది మొగోళ్లు. తిరిగొస్తారా రారా అని సైరను వింటా కూచున్నది మేము. మాకు లేదా ఫోటో?" అంది మునస్వామన్న భార్య సెల్వి.

"కటిక చీకటి దొరికితే తీస్తాను" అన్నాను.

మునస్వామన్న నవ్వాడు. "కింద ఉన్నన్నాళ్లూ చీకటికి కరువు లేదు. ఈ పొద్దు పిడికెడు చీకటికి తిరగతా ఉండాము."

సెల్వి నన్ను గనివాళ్ల వరస ఇళ్లలోని తన లైనింటికి తీసుకెళ్లి తలుపు మూసింది. రేకుల సందుల్లోంచి ఎండ పడుతూనే ఉంది. నన్ను మూల కూర్చోబెట్టి రెండు కంబళ్లు కప్పారు. ఆరుగురు మగవాళ్లూ బయట కిటికీకి వీపులు ఆనించి నిలబడ్డారు.

"కదలద్దండి. పోయేది మీ మొగాలే" అని కేకేసింది సెల్వి.

తడుముకుంటూ మూత తీశాను. రీలంచు వేలు కోసింది. చెమట కళ్లలోకి దిగింది. కొత్త రీలు వచ్చిన నల్ల డబ్బాలో పాతదాన్ని చుట్టి పెట్టి మూత బిగించాను. బయటికొచ్చి, కొత్తది ఎక్కించి, ఆడవాళ్లను అదే గోపురం ముందు నిలబెట్టి తీశాను.

సాయంత్రం బండిలో ఆ డబ్బాను పిడికిట్లోనే పెట్టుకున్నాను. పక్కనాయన చూసి చూసి అడిగాడు.

"అంత గట్టిగా పట్టుకోనుండావు, బంగారమామ్మా?"

"ఆరుగురు మొగోళ్లప్పా. మూత తీస్తే ఉండరు."

ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

రీళ్లు కడిగించాం. ఆరుగురూ వచ్చారు. చివరాయన భుజం మీద మాత్రం తెల్లటి చార పడింది, అది కంబళి చిల్లు చేసిన పని. రెండు ఫోటోలూ ఇక్కడ పెడుతున్నాను. ముందు ఆడవాళ్లది.