సీతాబాయి గొంతు ఎవరికి అంటింది

మణికొండ ఇంకా ఊరిలా ఉన్న రోజుల్లో అక్కడే పుట్టిన మనిషి సీతాబాయి. ఇప్పుడు ఆ ఊళ్లోనే ఓ అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉమాశ్రీ నడిపే క్రెష్‌లో తొమ్మిదేళ్లుగా ఆయమ్మ. తల్లిదండ్రులు హైటెక్ సిటీ ఆఫీసుల్లో మీటింగుల్లో మునిగి ఉంటే, పన్నెండు మంది పిల్లలకు అన్నం పెట్టేదీ, జోకొట్టేదీ, ముక్కులు తుడిచేదీ ఆమే. ఆమె గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పిలిస్తే మూడో అంతస్తు వాళ్లు కూడా భోజనాల వేళయిందని లేచేవారట. గొంతంటే అది.

అలాంటి గొంతు ఓ సోమవారం పొద్దున లేచేసరికి లేదు. జలుబు లేదు, జ్వరం లేదు, దగ్గు లేదు. నోరు తెరిస్తే గాలి మాత్రం వస్తోంది. క్రెష్ పై ఫ్లాటులో పదిహేను రోజులుగా పాత టైల్స్ పగలగొడుతున్నారు. ఆ డ్రిల్లింగ్ మోతలో పిల్లలకు వినపడాలని ఆమె రోజంతా అరుస్తూనే ఉంది. ఎంత గొంతయినా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? సీతాబాయి మిరియాల పాలు తాగి మామూలుగానే పనికి పోయింది.

అన్నాల వేళ చిక్కు వచ్చిపడింది. ఆమె ప్రతి ముద్దకూ ఓ పేరు పెట్టి తినిపిస్తుంది. ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది బెంగళూరు మామయ్య ముద్ద. పేరు వినందే ఒక్కరూ నోరు తెరవరు. అందుకని ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వంగి, చెవిలో గుసగుసగా పేరు చెప్పి తినిపించింది. పిల్లలకది భలే నచ్చింది. పైన మోత ఉన్నా కింద చప్పుడు లేకుండా కంచాలు ఖాళీ అయ్యాయి.

బుధవారం సాయంత్రానికి క్రెష్ వాట్సాప్ గ్రూపు అట్టుడికింది. మొదట రాసింది రత్నమాల. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, నాలుగేళ్ల బుజ్జికి తల్లి. 'మా బుజ్జికి గొంతు పోయిందండి, అచ్చం ఆయమ్మకు పోయినట్టే. ఇంకెవరికైనా ఉందా?' అని అడిగింది. ఉందన్నారు ఇంకో నలుగురు. ఆ గ్రూపులో వైద్యం చదివినవాళ్లు ఒక్కరూ లేరు, చేయనివాళ్లూ ఒక్కరు లేరు. గాలిలో పాకుతుందని ఒకరు, చేతి ముద్దలతోనే వచ్చిందని ఒకరు, ఆయమ్మను మార్చకపోతే పిల్లల్ని మాన్పిస్తామని ఇద్దరు.

ఉమాశ్రీ సీతాబాయిని పక్కకు పిలిచి తలవంచుకుని చెప్పింది. "మీ మీద నాకేమీ లేదు సీతమ్మా. కానీ వాళ్లు ఊరుకోవడం లేదు. ఇది తేలేదాకా రాకండి."

"నాకు జలుబు గిట్ల ఏం లేదు మేడం," అంది సీతాబాయి గాలి గొంతుతో. "పైన ఆ మిషన్ల లొల్లికి ఒర్రి ఒర్రి పోయింది."

ఆ మాటలు ఉమాశ్రీకి సగమే వినపడ్డాయి. సీతాబాయి ఇంటికొచ్చి కూర్చుంది. యాభై మూడేళ్ల వయసులో, రోగం అంటించే ఆయమ్మ అని పేరుపడితే మణికొండలో ఏ క్రెష్ గడప తొక్కనిస్తుంది? అంతకన్నా ఆమెను తినేసింది ఇంకోటి. నిజంగానే ఈ నోటితో, ఆ చిన్న చెవుల దగ్గరికి పోయి తనే అంటించిందేమో. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే రత్నమాల కారు ఆమె గల్లీలో ఆగింది. దులిపేయడానికి వచ్చిందనుకుంది సీతాబాయి.

"బయల్దేరండి సీతమ్మగారూ," అంది రత్నమాల. "బుజ్జిని గొంతు డాక్టరుకు చూపిస్తున్నాను. మిమ్మల్నీ చూపిస్తే నిజమేదో తేలుతుంది. ఏదీ తెలియకుండా మిమ్మల్ని మాన్పించడం నాకు నచ్చలేదండి."

మూతికి మాస్కు కట్టుకుని సీతాబాయి కారెక్కింది. డాక్టరమ్మ సన్నటి గొట్టంతో ఆమె గొంతు లోపలికి చూసింది. జలుబు, జ్వరం ఏమైనా వచ్చాయా అని అడిగింది, డ్రిల్లింగ్ సంగతి విన్నది.

"ఇది పిల్లలకు అంటుకుంటుందా డాక్టరుగారూ?" అంది రత్నమాల.

"జలుబుతో గొంతు పోతే ఆ జలుబు పక్కవాళ్లకు అంటుకోవచ్చమ్మా, దగ్గినా తుమ్మినా, చేతులు కడుక్కోకపోయినా. ఈమెకు అది కాదు. అరిచి అరిచి లోపల వాచింది. ఈ వాపు ఎవరికీ అంటదు."

"మరి మా బుజ్జికి?"

డాక్టరమ్మ బుజ్జి నోట్లో లైటు వేసి చూసింది. గొంతు శుభ్రంగా ఉంది. "నొప్పిగా ఉందా తల్లీ?" అంటే లేదని తలూపింది. "మరి గట్టిగా మాట్లాడవేం?"

"గట్టిగా మాట్లాడితే సీతమ్మమ్మ ముద్ద పేరు వినపడదు కదా," అని గుసగుసలాడింది బుజ్జి. "ఎవరి ముద్దో తెలీకుండా ఎలా తింటాం? అందుకే అందరం ఇలాగే మాట్లాడుకుంటున్నాం, ఇంట్లో కూడా."

ఒక్కసారి అమ్మను పిలిచి చూపించమంది డాక్టరమ్మ. బుజ్జి పిలిచిన పిలుపుకు బయట కూర్చున్న నర్సు తలుపు తీసుకుని వచ్చింది.

సీతాబాయికి మందులు రాసి, వారం రోజులు గుసగుస కూడా వద్దని, అదీ గొంతుకు భారమేనని చెప్పింది డాక్టరమ్మ. కార్లో కూర్చుని రత్నమాల జరిగిందంతా గ్రూపులో రాసింది. చివర 'కనుక్కోకుండా తొందరపడి రాశాను, తప్పు నాది' అని పెట్టి ఫోను సీతాబాయికి చూపించింది. కూడబలుక్కుని చదువుకుని ఏదో అనబోయింది సీతాబాయి.

"మాట్లాడకండి, వారం రోజులు," అంది రత్నమాల. సీతాబాయి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ఉమాశ్రీ రమ్మంటే వచ్చి, సీతాబాయి క్రెష్ గుమ్మంలో నిలబడింది. గ్రూపులో సగం మంది జవాబే ఇవ్వలేదు. ఎవరొస్తారో, ఎవరు రారో తెలియదు. గేటు దగ్గర ముగ్గురు తల్లులు పిల్లల చేతులు వదలకుండా ఆగి చూస్తున్నారు. రత్నమాల వాళ్లను దాటుకుని వచ్చింది. రోజూ బుజ్జి తన కాళ్ల మీదే లోపలికి పోయేది. ఇవాళ మాత్రం తల్లి ఎత్తుకొచ్చి, అందరూ చూస్తుండగా సీతాబాయి చేతుల్లో పెట్టింది. బుజ్జి అలవాటుగా ఆమె చెంపకు చెంప ఆనించింది. సీతాబాయి కళ్లు నిండాయి. ఒక తల్లి తన బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టడం ఎంత పెద్ద సంగతో తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తూ కూడా ఆమె ఎన్నడూ ఇంతగా ఎరగదు.