అత్త కాళ్ళకు తెలిసిన బొగ్గుబండి

ఎదురింటి అత్త పోయింది. మొన్న శుక్రవారం దీపాలు పెట్టే వేళ, మగ్గం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిందట. నేను తిరువళ్ళూరు ఆఫీసు నుంచి వచ్చి తిరుత్తణిలో మా నేతవీధి మలుపు తిరిగేసరికి ఆమె వాకిట్లో జనం కనబడ్డారు. నాకు ఆమెతో ఏ చుట్టరికమూ లేదు. అయినా సొంత మేనత్తలు పోయినప్పుడు కూడా నేను ఇంతగా ఏడవలేదు.

మా వీధి వెనకే రైలు పట్టాలు. అత్తది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేయాలి. బండి దూరాన ఉండగానే ఆ గుంటలో మట్టి సన్నగా అదురుతుంది. మాకింకా కూత వినబడకముందే అత్త పడుగు దారాల మధ్య అటూ ఇటూ తోసే నాడె పక్కన పెట్టి లేచేది. ఎలా తెలిసిందంటే, "చెవులకేం తెలుస్తాది మే, అరికాళ్ళను అడుగు" అనేది.

ఆ వచ్చేది సాయంత్రం బొగ్గుబండి. అందులో మామ వచ్చేవాడు, తిరువళ్ళూరు కొట్టుకు చీరల మూట వేసి. బొగ్గుబండిలో తిరిగినవాళ్ళకు ఆ నుసి సంగతి చెప్పనక్కర్లేదు. తల, భుజాలు, చొక్కా మడతలు, అన్నిట్లోనూ అదే. అత్త ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. "నిలబడు ఆడనే! తెల్ల పడుగు మీద మచ్చ పడితే ఆ చీర ఎవురు కొంటారు?" అని అరచేత్తో భుజాలు దులిపేది. ఆయన బుద్ధిగా చేతులు చాచి నిలబడేవాడు. వీధంతా నవ్వుకునేవాళ్ళం. దులపడం అయ్యాక నల్లబడిన అరచేయి ఆయన ముక్కు దగ్గర పెట్టి చూపిస్తే గానీ ఆమెకు తృప్తి ఉండేది కాదు.

ఒకరోజు మామ రాలేదు. తిరువళ్ళూరులో ఆయన బండి ఎక్కడం చూసినవాళ్ళున్నారు. ఎక్కడా దిగడం చూసినవాళ్ళు లేరు. పట్టాల వెంట వెతికారు, ఊళ్ళన్నీ అడిగారు. చెప్పు కూడా దొరకలేదు. కొన్నాళ్ళకు పెద్దలు వచ్చి కర్మ చేసేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "ఎక్కినోడు దిగలేదంటే బండిలోనే ఉండాడని కదా. వస్తాడు" అంది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం కాళ్ళకు అదురు తెలియగానే లేచి గడపలో నిలబడేది.

అలాంటి మనిషి, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన రైల్లో పంపనంటే, మా ఇంటికొచ్చి కూర్చుంది. "పోనీయన్నా. నా ఇంటాయన రాలేదని ఊళ్ళో వాళ్ళంతా బండెక్కేది మానుకుంటారా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు జీతం, లోకం రెండూ దొరికాయి. సాయంత్రం నేను వస్తే నా భుజాలు కూడా దులిపేది. ఆ చేతి బరువు నాకు ఎంతో ఇష్టం.

తరవాత పట్టాల మీద కరెంటు తీగలు వచ్చాయి. బొగ్గుబండి ఎత్తేశారు, వేళలు మార్చేశారు. ఇక చొక్కాలు నల్లబడవని మేమంతా సంబరపడ్డాం. అత్త మాత్రం స్టేషనుకు వెళ్ళి అడిగింది. "ఇని వరాదమ్మా" అన్నాడట అక్కడి ఆయన, ఇక రాదమ్మా అని. ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి, "ఆ బండే లేకుంటే ఆయన ఎట్లొస్తాడు మే?" అంది. ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

మర్నాడు అదే వేళకు అత్త లేచి గడపలో నిలబడింది. పట్టాల మీద ఏమీ లేదు. "వచ్చినాది, తెలిసినాది" అంది, ఎంతో మామూలుగా.

రోజూ నాతో రైల్లో వచ్చేవాళ్ళలో ఒక బ్యాంకు గుమాస్తా ఉండేవాడు. బొగ్గుబండి పోయాక ఆయనకు దాని మీద ప్రేమ పుట్టింది. చెక్క బల్లల పెట్టెలు, ఏ ఇంజను కూత ఎలా ఉండేది, అదే గోల. మిగతావాళ్ళూ తోడయ్యేవారు. పోయినదాని గురించి మాట్లాడుతుంటే మనవాళ్ళకు ఆకలి కూడా వేయదు. అత్త సంగతి విని, చూస్తానని వెంటపడ్డాడు. ఒక సాయంత్రం తీసుకొచ్చాను. "నన్నడిగేదెందుకు నాయనా, గుంటలో కాళ్ళు పెట్టు" అంది అత్త. నవ్వుతూ కూర్చున్నాడు. కాసేపటికి నవ్వు పోయింది. కాళ్ళు పైకి లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. తరవాత మా పెట్టెలో పాత బండ్ల మాట ఎత్తలేదు. అత్త నన్నూ పెట్టమంది. నాకు భయం. పెట్టలేదు.

నా భుజాలు దులపడం మాత్రం మానలేదు. దులిపి అరచేయి చూసుకునేది. "తెల్లగానే ఉండాదే" అని దాన్ని చీరకు తుడుచుకునేది, అందులో తుడవడానికి ఏమీ లేకపోయినా.

శుక్రవారం ఆమెకు స్నానం చేయించేటప్పుడు నేనూ ఒక చేయి వేశాను. కుడి పిడికిలి మూసుకుని ఉంది. విప్పితే అరచేతి నిండా బొగ్గు నుసి. మా వీధిలో బొగ్గు కనబడి ఏళ్ళవుతోంది, ఆమె వంట కిరసనాయిలు స్టవ్వు మీద. ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనే నీళ్ళు పోసి కడిగాను.

తరవాత లోపలికెళ్ళి చూశాను. మగ్గం మీద తెల్లటి పడుగు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క మచ్చ లేదు.