పసుపు వాసన వద్దన్న మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. పొద్దున్నే జక్రాన్‌పల్లి నుంచి చిన్నాయన ఫోన్ చేసి, "మీ చిన్నమ్మ లేస్తలేదు బిడ్డా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట. నిజామాబాద్‌లో నా బ్యూటీ పార్లర్ షట్టర్ అప్పుడే సగం ఎత్తాను. లోపలికి వెళ్లి ముందు హినోకి నూనె సీసా బ్యాగులో వేసుకున్నాను. ఏడవడం ఆ తర్వాతే. ఆ సీసా సంగతి మీకు చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

హినోకి జపాన్ కొండల్లో పెరిగే చెట్టు, మన దేవదారుకు చుట్టం లాంటిది. దాని చెక్క నుంచి తీసిన నూనెను క్రీముల్లో కలుపుతారు, ఇంట్లో సువాసనకు వాడతారు. నేను పార్లర్‌లో గిన్నెడు వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి పెడతాను. పసుపు అమ్మడానికి మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడల్లా, చిన్నాయన బేరం తెగేదాకా చిన్నమ్మ నా దగ్గరే కూర్చునేది. మొదటిసారి ఆ వాసనకు కళ్లు మూసుకుంది.

"గిదేం వాసనే? వాన పడ్డంక కొత్త తలుపు తెరిచినట్టుంది!"

ఒక సీసా తీసుకుపొమ్మంటే ఒప్పుకోలేదు. "మా ఇంట్ల పెడితే గీ నూనె గుడ పసుపు వాసనే వస్తది. నీ దగ్గర్నే ఉండనీ." వచ్చిన ప్రతిసారీ మూత మాత్రం తన చేత్తోనే తీసేది.

పుట్టింట్లో పసుపే, అత్తింట్లో పసుపే. ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కొమ్ములు ఏరడం. చింతపండు రుద్దినా, నిమ్మచెక్క రుద్దినా గోళ్ల సందున రంగు వదిలేది కాదు. తన వరకు పప్పులో పసుపు వేసుకునేది కాదు. చిన్నాయన ఎగతాళి చేస్తే, "మిఠాయి అమ్మేటోడు మిఠాయి తింటడా?" అనేది.

నేను పార్లర్ పెడతానంటే ఇంటిల్లిపాదీ మూతి ముడిచారు. మొదటి రోజు వచ్చి కుర్చీలో కూర్చుంది ఈమె ఒక్కతే. "నలుగురి మొకాలు తేటగ జేసే పని. సిగ్గెందుకే?" అంది. ఆ మాట మీదే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

పోయిన పంటకు వచ్చినప్పుడు గిన్నెలో చేతులు ముంచి అంది: "నేను పోతే గీ నీళ్లతోని తానం పొయ్యి బిడ్డా. సచ్చినంకనన్న గా పసుపు నాకొద్దు." నవ్వలేదు. నేను సరేనన్నాను.

తీరా జక్రాన్‌పల్లి వెళ్తే, స్నానం నీళ్ల బిందెలో చుక్కలు వేయబోయిన నా చేతిని ఆమె ఆడబిడ్డ పట్టుకుంది.

"పిచ్చి లేసిందా? ముత్తైదుగ పోయింది. పసుపు లేకుంట సాగదోలుతరా? గా చెక్క నూనె ఎవలన్న పోస్తరా?"

"ఆమెనే అడిగింది అత్తమ్మా! పసుపు వద్దన్నది!"

"సచ్చేటోళ్లు మస్తు అంటరు."

చిన్నాయన వైపు చూశాను. తల దించుకుని, "అక్క చెప్పినట్టు కానియ్ బిడ్డా" అన్నాడు. ముద్దలు ముద్దలుగా పసుపు పూశారు, మొహానికి, చేతులకు, పాదాలకు. చూసినవాళ్లంతా ఎంత అదృష్టం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. బతుకంతా ఆమె అడిగింది ఏముంది? రెండు చుక్కల నూనె. అదీ చచ్చాక.

తిరిగొచ్చి పార్లర్ తెరిచాను. గిన్నెలో వేడినీళ్లు పోసి, రెండు చుక్కలు వేసి, ఆమె కూర్చునే కుర్చీ ముందు పెట్టాను. సీసా తెల్ల మూత మీద ఆమె బొటనవేలి గుర్తు ఉంది, పసుపుపచ్చగా.